సూట్‌కేసులో వచ్చిన వీడియో గేమ్



మా ఇల్లు శంషాబాద్‌లో. విమానాశ్రయం రాకముందు నుంచీ ఇక్కడే ఉంటున్నాం. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మారినప్పటి నుంచి మా ఇంటికి కొత్త పని ఒకటి వచ్చిపడింది. తెల్లవారుజాము విమానానికి నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చే చుట్టాలు మా ముందుగదిలో రెండు గంటలు నడుం వాల్చి వెళ్తారు. అమెరికా నుంచి దిగినవాళ్లు ఊరికి పోయేముందు మా ఇంట్లో స్నానం చేసి, ఇంత పప్పన్నం తిని బయల్దేరతారు. సూట్‌కేసులు తూచే కొక్కెం కాంటా మా బీరువా పక్కన ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. 23 కిలోలు దాటితే ముందు ఏది తీయాలో మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు.

ఆ సూట్‌కేసుల్లోంచి దిగే సామాను ఏళ్లు గడిచేకొద్దీ మారుతూ వచ్చింది. సెంటు సీసాలు, బాదంపప్పు పోయి ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. తర్వాత ఫోన్లు. 2025 జూన్ ఆఖరులో డాలస్ నుంచి మా అబ్బాయి వచ్చినప్పుడు బట్టల మధ్య జాగ్రత్తగా చుట్టి తెచ్చింది ఒక వీడియో గేమ్ కన్సోల్. మా అమ్మాయి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. వాడి కోసం. దాని పేరు స్విచ్ 2. జపాన్ కంపెనీ నింటెండో 2025 జూన్ 5న విడుదల చేసింది.

ఆ రాత్రి నేనూ మనవడూ ఎయిర్‌పోర్ట్ విలేజ్ దగ్గర నిలబడి ఉన్నాం. పూలదండలు పట్టుకుని, పిల్లల్ని భుజాన వేసుకుని, జనం ఆ తలుపుల వైపే చూస్తున్నారు. మావాడు ట్రాలీ తోసుకుంటూ రాగానే పిల్లవాడు కాళ్లకు దండం పెట్టి అడిగిన మొదటి మాట, "మామా, గ్రీన్ ఛానెల్‌లోంచి వచ్చినవా, రెడ్ ఛానెల్‌లోంచి వచ్చినవా?" అని. పదిహేడేళ్ల పిల్లవాడికి కస్టమ్స్ సంగతులు ఎందుకు తెలిశాయని ఆలోచిస్తూ పోయాను. ఈ ప్రసంగం అక్కడ పుట్టింది.

ఎందుకు తెలిశాయంటే, ఆ వస్తువు మన దేశంలో కంపెనీ అమ్మదు. అయినా ఆ కంపెనీ మారియో బొమ్మ తెలియని పిల్లలు మన దగ్గర అరుదు. మా అబ్బాయి చిన్నప్పుడు, తొంభైల్లో, టీవీకి తగిలించే వీడియో గేమ్ ఉండేది. పసుపు రంగు క్యాసెట్, పనిచేయకపోతే నోటితో ఊది మళ్లీ పెట్టడం. మీసాలాయన పుట్టగొడుగుల మీద దూకుతుంటే వాడకట్టు పిల్లలంతా మా ఇంట్లోనే. పెట్టె మీద పేరు వేరే, లోపల ఆట నింటెండోది. అలా నకలు పెట్టెలతోనే ఒక తరం పెరిగింది. ఈనాటికీ హైదరాబాద్‌లో ఏ పిల్లవాడైనా స్విచ్ కావాలంటే దారులు రెండే. విదేశం నుంచి ఎవరైనా తేవాలి, లేదా అలా తెచ్చి అమ్మే దుకాణంలో వాళ్లు చెప్పిన ధరకు కొనాలి.

ఇప్పుడు ధర సంగతి. ఏప్రిల్ 2న కంపెనీ అమెరికా ధర ప్రకటించింది. 449 డాలర్ల 99 సెంట్లు. కొత్త ఆట మారియో కార్ట్ వరల్డ్ విడిగా 79 డాలర్ల 99 సెంట్లు, రెండూ కలిపి కొంటే 499 డాలర్ల 99 సెంట్లు. అంతకుముందు పెద్ద ఆటలు 60, 70 డాలర్లకు దొరికేవి. అదే రోజున అమెరికా ప్రభుత్వం దిగుమతి సుంకాలు ప్రకటించింది. దాంతో ఏప్రిల్ 9న మొదలుకావలసిన బుకింగ్ ఆగి, 24న మొదలైంది. ఈలోగా కంపెనీ తన ఆటలను చూపిస్తూ చేసిన ప్రత్యక్ష ప్రసారాల పక్కన జనం ఒకటే మాట రాశారు, ధర తగ్గించండి అని. వరుసలకు వరుసలు అదే మాట. కంపెనీ తగ్గించలేదు. జూన్‌లో విడుదలైన నాలుగు రోజుల్లోనే 35 లక్షల కన్సోళ్లు అమ్ముడుపోయాయి.

ఈ అంకె చూపించి, అరిచినవాళ్లే కొన్నారు, ఆ కోపం ఉత్తిదే అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఉల్లి కిలో వంద అయినప్పుడు మనం తిట్టుకుంటూనే అరకిలో కొంటాం. కొన్నామని ధర న్యాయమైనట్టు కాదు. పిల్లవాడు మూడేళ్లుగా ఎదురుచూసిన వస్తువు ముందు తల్లిదండ్రులు ఎలా బేరమాడగలరు? పైగా అందరికీ ఒకే ధర పలికే వస్తువు అది, పక్క కొట్టుకు పోయే అవకాశం లేదు.

అయినా కోపానికి ఫలితం దొరికిన సందర్భాలున్నాయి. వాటిలో పెద్దది 2013 నాటిది. మనవాళ్లకు అది ఎంత దగ్గరి సంగతో చాలామందికి తెలియదు గనుక కాస్త వివరంగా చెబుతాను.

ఆ ఏడు మైక్రోసాఫ్ట్ కంపెనీ ఎక్స్‌బాక్స్ వన్ అనే కన్సోల్ ప్రకటించింది. ధర 499 డాలర్లు. దానితోపాటు కొన్ని షరతులు పెట్టింది. కన్సోల్ రోజుకొకసారి, అంటే 24 గంటల్లో ఒక్కసారైనా ఇంటర్‌నెట్‌కు తగలాలి. తగలకపోతే డిస్క్ చేతిలో ఉన్నా ఆట నడవదు. ఆట డిస్క్‌ను మిత్రుడికి ఇవ్వడానికి, పాతది అమ్ముకోవడానికి కట్టుబాట్లు. ఇంకొకటి కూడా ఉంది. మొదటి విడతలో 21 దేశాల పేర్లు ఇచ్చి, కన్సోల్ ఆ దేశాల్లోనే పనిచేస్తుందన్నారు. ఆ 21లో భారతదేశం లేదు.

అప్పటి మన పరిస్థితి ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఆ వేసవుల్లో కరెంటు కోతలు. వానొస్తే తీగ తెగి రెండు రోజులు నెట్ ఉండదు. ఒక డిస్క్ ఒకడు కొంటే నలుగురు ఆడి, చివరికి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సగం ధరకు ఇచ్చి, మరికొంత కలిపి ఇంకొకటి తెచ్చుకునే రోజులు. అలా చేతులు మారితేనే మధ్యతరగతి పిల్లవాడికి ఆ ఆట అందేది. ఆ షరతులు అమలైతే, డాలస్ నుంచి మేనమామ మోసుకొచ్చిన కన్సోల్ శంషాబాద్‌లో దిగగానే ఉత్త డబ్బా అయ్యేది. కంపెనీకి హైదరాబాద్ తెలియని ఊరు కాదు. 1998 నుంచి వాళ్ల అభివృద్ధి కేంద్రం ఇక్కడే ఉంది. గచ్చిబౌలిలో వాళ్ల ప్రాంగణానికి మా ఇంటి నుంచి రింగ్ రోడ్డు మీద పోతే అరగంట దారి. అక్కడ ఉద్యోగం చేసే తండ్రి, తన కంపెనీ చేసిన వస్తువును తన ఊళ్లో తన కొడుకుకు పెట్టి చూపించలేని స్థితి అది.

జూన్ 10న లాస్ ఏంజెలిస్ ప్రదర్శనలో సోనీ తన ప్లేస్టేషన్ 4 ధర 399 డాలర్లని చెప్పింది. పాత డిస్క్‌ల మీద ఏ కట్టుబాటూ లేదంది. ఆట మిత్రుడికి ఎలా ఇవ్వాలో చూపిస్తూ చిన్న వీడియో కూడా వేసింది. ఒకాయన డిస్క్ డబ్బా తీసి పక్కాయన చేతిలో పెడతాడు, అంతే. ఆ తర్వాత తొమ్మిది రోజులు మైక్రోసాఫ్ట్ మీద ప్రపంచమంతటా కొనుగోలుదారులు విరుచుకుపడ్డారు. జూన్ 19న కంపెనీ వెనక్కి తగ్గింది. రోజువారీ ఇంటర్‌నెట్ తనిఖీ ఎత్తేసింది, డిస్క్ మీద కట్టుబాట్లు తీసేసింది, దేశాల షరతునూ రద్దు చేసింది. ఎక్స్‌బాక్స్ విభాగం నడిపిన డాన్ మాట్రిక్ మరుసటి నెలలోనే కంపెనీ వదిలిపెట్టాడు. 2014 ఫిబ్రవరి 4న మన హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల మొత్తం కంపెనీకి సీఈవో అయ్యాడు. ఆ ఏడే సెప్టెంబరులో ఎక్స్‌బాక్స్ వన్ మన దేశానికి వచ్చింది, 39,990 రూపాయలకు.

ఆ 2013 గొడవ నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. అక్కడ జనం తిరగబడింది ధర మీద మాత్రమే అయితే వంద డాలర్లతో తీరిపోయేది. వాళ్లు పట్టుకున్న ప్రశ్న వేరే. డబ్బు పోసి కొని ఇంటికి తెచ్చాక ఆ వస్తువు నాదా, అమ్మినవాడిదా? నా ఇంట్లో నా టీవీ పక్కన కూర్చున్న పెట్టెకు ప్రతిరోజూ ఎవరి అనుమతి కావాలి? ఈ ప్రశ్న పన్నెండేళ్ల తర్వాత మళ్లీ వచ్చింది. మా ముందుగదిలోకే వచ్చింది.

దానికంటే ముందు లెక్క ఒకటి చెప్పాలి. విదేశం నుంచి వచ్చే మన ప్రయాణికుడు వాడిన బట్టలు, సొంత వస్తువులు కాక, 50,000 రూపాయల విలువైన కొత్త సామాను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని అప్పుడు అమల్లో ఉన్న 2016 నాటి బ్యాగేజీ నిబంధనలు చెప్పేవి. అది దాటితే, దాటిన విలువ మీద 35 శాతం సుంకం, ఆ సుంకం మీద పదోవంతు సంక్షేమ సర్‌ఛార్జి, కలిపి 38.5 శాతం. మొగుడూ పెళ్లాం ఇద్దరి వాటా కలిపి ఒకే వస్తువుకు లెక్కవేయడం కుదిరేది కాదు. మావాడు కొన్నది ఆటతో కలిసిన స్విచ్ 2. డాలస్‌లో అమ్మకపు పన్ను 8.25 శాతం కలిస్తే 541 డాలర్లు, డాలరు 86 రూపాయల చొప్పున సుమారు 46,500. అంతవరకు పర్వాలేదు. దానికి జతగా ఇంకొక కంట్రోలర్ కొన్నాడు, పన్నుతో 92 డాలర్లు, అంటే 7,900. మొత్తం 54,400 దాటింది. వాడు రెడ్ ఛానెల్‌లో బిల్లు చూపించి పైన దాటిన నాలుగున్నర వేల మీద సుంకం, పదిహేడు వందల చిల్లర, కట్టి రసీదు తీసుకుని బయటికొచ్చాడు. అందుకే ఆ రాత్రి ముప్పావుగంట ఆలస్యం. పిల్లవాడి ముఖంలో ఆ కంగారు అందుకే.

ఇన్ని తిప్పలు పడి తేవడం ఎందుకు, ఇక్కడ అమ్మే కన్సోల్ కొనరాదా అని మీరడగవచ్చు. ప్లేస్టేషన్ 5 సంగతి చూడండి. ప్రపంచానికి 2020 నవంబరులో వస్తే మనకు 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. అమెరికాలో 499 డాలర్లు, అప్పటి లెక్కన 36,500 రూపాయలు. మన దగ్గర 49,990. జనవరి 12న మధ్యాహ్నం పన్నెండు గంటలకు బుకింగ్ తెరిస్తే నిమిషాల్లో అయిపోయింది. ఏదైనా వస్తువు పాతబడేకొద్దీ ధర తగ్గుతుంది. దీనికి మాత్రం 2022 నవంబరులో ఇంకో ఐదు వేలు పెరిగి 54,990 అయింది. ఒక్కటి మాత్రం ప్రభుత్వం మేలు చేసింది. 2018 డిసెంబరులో జీఎస్టీ మండలి వీడియో గేమ్ కన్సోళ్ల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గించింది. ఇక 2024 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రో అప్పుడు మన దేశానికి రానేలేదు. అందులోని వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ తరంగాలకు అప్పట్లో మన దగ్గర అనుమతి లేదు గనుక. కారణం ఎవరిదైనా, మన పిల్లవాడి చూపు మళ్లీ సూట్‌కేసు మీదికే పోతుంది.

ఇప్పుడు షరతుల దగ్గరికి వస్తాను. ఇక్కడ నా మనసుకు నిజంగా కష్టమనిపించింది.

మనవడు పెట్టె తెరిచి, సంబరమంతా అయ్యాక, ఒప్పందపు పాఠం తెర మీద వచ్చింది. అందరూ చదవకుండా సరే అని నొక్కేదే. నేను కళ్లజోడు పెట్టుకుని చదివించుకున్నాను. 2025 మే నెలలో నింటెండో ఆ పాఠాన్ని మార్చింది. నిబంధనలు దాటి వాడితే, అంటే అనుమతిలేని పరికరాలు పెట్టడం, నకలు ఆటలు ఆడటం లాంటివి చేస్తే, కన్సోల్‌ను పూర్తిగా గానీ కొంత గానీ శాశ్వతంగా పనికిరాకుండా చేసే హక్కు తమకుందని అమెరికా ఒప్పందంలో రాసుకుంది. నకలు ఆటలను నేను సమర్థించను. ఒక ఆట వెనక వందలమంది ఏళ్ల తరబడి పడిన కష్టం ఉంటుంది. కానీ నేరం ఏమిటో చెప్పేదీ, విచారించేదీ, శిక్ష వేసేదీ అమ్మినవాడే అయితే కొన్నవాడు ఎవరి దగ్గరికి పోవాలి? బ్రెజిల్‌లో సావో పాలో రాష్ట్రపు వినియోగదారుల రక్షణ సంస్థ ప్రోకాన్ ఈ షరతు మీద కంపెనీని వివరణ అడిగింది. అడగడానికి అక్కడ ఒక సంస్థ ఉంది, జవాబు చెప్పడానికి కంపెనీ ఉంది.

జూన్‌లోనే మరో సంగతి బయటపడింది. అనుమతిలేని కార్డులు వాడిన కన్సోళ్లను కంపెనీ తన ఆన్‌లైన్ సేవల నుంచి తప్పించింది. ఆ నిషేధం మనిషికి కాదు, కన్సోల్‌కు. మొదటి యజమాని తప్పుచేసి అమ్ముకుంటే, తెలియక కొన్న రెండోవాడు బలవుతాడు. సెకండ్ హ్యాండ్ మీద బతికే మన మార్కెట్‌కు ఇది చాలా పెద్ద ప్రమాదం. ఎవరైనా పాత స్విచ్ 2 కొంటుంటే అమ్మేవాడి ముందే నెట్‌కు తగిలించి, ఆన్‌లైన్ స్టోరు తెరుచుకుంటుందో లేదో చూసి మరీ డబ్బివ్వండి.

ఆట కార్డుల్లోనూ ఒక మార్పు వచ్చింది. గేమ్ కీ కార్డు అని కొత్త రకం. కార్డు చేతికొస్తుంది గానీ దానిలో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆట మొత్తం నెట్ నుంచి దించుకోవాలి, ఆ తర్వాత కూడా ఆడే ప్రతిసారీ కార్డు పెట్టాలి. ఆ కార్డు ఇంకొకరికి ఇవ్వొచ్చు, అమ్ముకోవచ్చు, అదొక మేలు. కానీ పదిహేనేళ్ల తర్వాత కంపెనీ తన సర్వర్ మూసేస్తే? మా అబ్బాయి పసుపు క్యాసెట్ ఒకటి ఇప్పటికీ అటకమీద ఉంది. దాన్ని నడిపే పెట్టె దొరికితే ఈ రోజైనా ఆట మొదలవుతుంది. మనవడి కార్డు గురించి ఆ మాట చెప్పలేను. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి నుంచి ఒక చట్టం అమల్లోకి తెచ్చింది. డిజిటల్ సరుకు అమ్మేవాళ్లు, మీరు పొందుతున్నది అనుమతి మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనే మాట వాడకూడదు. ఎంత సూటిగా ఉంది చూడండి!

ఇక వారంటీ. మాకొకసారి దెబ్బ తగిలింది. చాలా ఏళ్ల కిందట ఒక దుకాణంలో అమెరికా నుంచి వచ్చిన కన్సోల్ కొన్నాం. దాని కరెంటు పెట్టె 110 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే చిటపటమని పొగ. దుకాణాయన బిల్లు ఇవ్వలేదు, మేమూ అడగలేదు. రెండు నెలల ట్యూషన్ డబ్బులు అలా పోయాయి. మా అబ్బాయి ఆ రోజు అన్నం తినలేదు. స్విచ్ 2 అడాప్టర్ ఇక్కడి కరెంటుకు సరిపోతుంది, ఆ భయం లేదు. కానీ రేపు తెర పోతే, డాలస్‌కు తిరిగి పంపడం తప్ప మార్గం లేదు.

మనకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, 2020 జులై నుంచి అమల్లో ఉంది. మంచి చట్టం. కొనుగోలుదారు తన సొంత జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు, మా శంషాబాద్ వాళ్లకైతే రంగారెడ్డి జిల్లా కమిషన్. అన్యాయమైన ఒప్పందం అనే మాటకు ఆ చట్టంలో నిర్వచనం ఉంది. సరైన కారణం లేకుండా ఒక్క పక్షమే ఒప్పందం రద్దుచేసుకునే హక్కు పెట్టుకోవడం అందులోకి వస్తుంది. అలాంటి ఫిర్యాదు రాష్ట్ర కమిషన్ వింటుంది. అయితే ఇక్కడ అమ్మని కంపెనీ మీద, డాలస్‌లో చేసిన కొనుగోలుకు ఇక్కడ కేసు నడపడం సామాన్యుడికి అయ్యే పని కాదు. కంపెనీ షరతులన్నీ విమానం ఎక్కి మన ఇంటిదాకా వచ్చాయి. మన హక్కులు మాత్రం విమానాశ్రయం గేటు దాటలేదు. అందుకే నేను కోరేది ధర తగ్గించమని కాదు. ఇక్కడికి వచ్చి, రూపాయల్లో ధర రాసి, బిల్లు ఇచ్చి, వారంటీ కాగితం మీద మన దేశం పేరు పెట్టి అమ్మమని. 50,000 అయినా కొంటారు. ప్లేస్టేషన్ నిమిషాల్లో అమ్ముడుపోయిన దేశం ఇది.

అడిగితే కదులుతారా అంటే, కదులుతారు. 2025 జులైలో మైక్రోసాఫ్ట్ తన ది ఔటర్ వరల్డ్స్ 2 అనే ఆటకు పెట్టిన 80 డాలర్ల ధరను జనం ఒప్పుకోకపోతే 70కి దించింది. అమెరికావాళ్ల మాట వినపడినట్టు మన మాట కూడా వినపడాలంటే ముందు మనల్ని కొనుగోలుదారుల లెక్కలో రాయాలి.

అంతవరకు మనం చేయగలిగింది చిన్నదే. ఇక్కడి దుకాణంలో, అది విదేశం నుంచి వచ్చిన సరుకైనా సరే, కొంటే జీఎస్టీ బిల్లు తప్పనిసరిగా అడగండి. బిల్లు ఉంటే అమ్మిన దుకాణం జవాబు చెప్పాలి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

వచ్చే వారం మా చెల్లెలి కూతురు దోహా మీదుగా వస్తోంది. పక్కింటి వాళ్ల బాబు కూడా స్విచ్ 2 చెప్పించుకున్నాడు. తేవలసిన వస్తువుల జాబితా మనవడు రాసి పంపాడు. పంపేముందు నాకు చూపించాడు. కన్సోల్, ఒక ఆట, తెర మీద అంటించే గ్లాసు. దాని కింద వాడే పెద్ద అక్షరాలతో రాశాడు, "ఆట కార్డులోనే ఉండాలి, కీ కార్డు వద్దు. పిన్నీ, దుకాణం బిల్లు పారేయకు."